పావు మైలు డ్రాగ్ రేసింగ్‌లో పాత వాడుక కార్లు

డ్రాగ్ రేసింగ్ అనేది రెండు వాహనాలు నిలిచి ఉన్న స్థితి నుండి బయలుదేరి, తిన్నని బాటపై నిర్ణీత దూరాన్ని ఏది ముందుగా దాటుతుందో తేల్చే మోటారు క్రీడ. ఈ క్రీడ అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పుట్టింది. సంప్రదాయంగా పోటీ దూరం పావు మైలు, అంటే 1,320 అడుగులు (402.336 మీటర్లు). ఇందుకోసం ప్రత్యేకంగా నిర్మించిన బాటను డ్రాగ్ స్ట్రిప్ అంటారు. వేల హార్స్ పవర్ (అశ్వశక్తి) గల ప్రత్యేక వాహనాలతో పాటు, రోజూ రోడ్డు మీద తిరిగే పాత కార్లు కూడా ఈ పోటీలలో పాల్గొంటాయి.

పాత కారు పావు మైలు సమయాన్ని తగ్గించడానికి ఇంజను సామర్థ్యాన్ని పెంచడమే మార్గమని చాలామంది భావిస్తారు. నిజానికి వాడుక కార్లలో ఎక్కువ సమయం వృథా అయ్యేది మొదటి 60 అడుగులలోనే. ఇంజను పుట్టించే బలాన్ని టైర్లు నేలకు అందించలేకపోవడమే దీనికి కారణం. అందువల్ల మరమ్మతులు, టైర్ల పట్టు, గేర్ల నిష్పత్తి, బరువు, నడిపే విధానం అనేవి ముందు. ఇంజను మార్పులు ఆ తరువాత. ఈ వ్యాసంలో ఆ క్రమాన్ని, దాని వెనుక ఉన్న భౌతిక సూత్రాలను 1987–1993 మధ్య తయారైన ఫోర్డ్ మస్టాంగ్ 5.0 కారు ఉదాహరణగా వివరించడం జరిగింది.

చరిత్ర

1930లలో కాలిఫోర్నియాలోని మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మీద యువకులు తమ కార్ల వేగాన్ని పరీక్షించుకునేవారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, సైన్యం నుండి తిరిగి వచ్చిన యువకులు చౌకగా దొరికే పాత కార్లను కొని, వాటిని తేలిక పరచి, ఇంజన్లను మెరుగుపరిచి నడపసాగారు. ఇటువంటి కార్లను హాట్ రాడ్ అనేవారు. సరైన స్థలం లేనందున పోటీలు పట్టణ వీధులలో జరిగేవి. ప్రమాదాలు పెరిగాయి, పత్రికలలో విమర్శలు వచ్చాయి, పోలీసులు కఠిన చర్యలు తీసుకున్నారు.

దీనికి పరిష్కారంగా, వాడుకలో లేని విమానాశ్రయ రన్‌వేల మీద పోటీలు నిర్వహించే పద్ధతి మొదలైంది. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయంలో రుసుము తీసుకుని క్రమం తప్పకుండా పోటీలు నిర్వహించడం ఆరంభమైంది. హాట్ రాడ్ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ (ఎన్.హెచ్.ఆర్.ఎ.) అనే సంస్థను స్థాపించాడు. వీధి పందేలను మాన్పించి, నియమాలున్న చోటికి యువకులను రప్పించడం ఆ సంస్థ ప్రధాన ఉద్దేశాలలో ఒకటి. సంస్థ ఆధ్వర్యంలో మొదటి పోటీ 1953లో కాలిఫోర్నియాలోని పొమోనాలో, మొదటి జాతీయ పోటీ 1955లో కాన్సాస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో జరిగాయి. 1963లో జెండా ఊపే పద్ధతి స్థానంలో 'క్రిస్మస్ ట్రీ' అనే దీపాల స్తంభం ప్రవేశించింది.

2008 జూన్‌లో స్కాట్ కలిట్టా అనే క్రీడాకారుడు న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో ప్రమాదంలో మరణించిన తరువాత, అత్యంత వేగవంతమైన తరగతులకు పోటీ దూరాన్ని 1,000 అడుగులకు తగ్గించారు. వాడుక కార్లకు మాత్రం పావు మైలు, కొన్ని చోట్ల అందులో సగమైన 660 అడుగులు, పోటీ దూరాలుగా కొనసాగుతున్నాయి.

సమయాన్ని కొలిచే పద్ధతి

బయలుదేరే గీత వద్ద ఒకదాని వెనుక ఒకటిగా రెండు కాంతి పుంజాలు ఉంటాయి. ముందు చక్రం మొదటి పుంజాన్ని అడ్డుకుంటే కారు గీతకు చేరువైనట్లు, రెండవదాన్ని అడ్డుకుంటే సరైన చోట నిలిచినట్లు దీపాలు వెలుగుతాయి. ఆ తరువాత క్రిస్మస్ ట్రీ మీద మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తరువాత ఒకటి వెలిగి, చివరకు ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. వృత్తి క్రీడాకారుల తరగతులలో మూడు పసుపు దీపాలు ఒకేసారి వెలిగి, 0.4 సెకన్ల తరువాత ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ముందే కదిలిన కారుకు ఎర్ర దీపం పడుతుంది. ఆ కారు ఓడినట్లే.

ఇక్కడ రెండు వేర్వేరు సమయాలను గుర్తించాలి. ఆకుపచ్చ దీపానికి డ్రైవరు ఎంత త్వరగా స్పందించాడో తెలిపేది ప్రతిస్పందన సమయం. ముందు చక్రం కాంతి పుంజాన్ని వదిలిన క్షణం నుండి గమ్యాన్ని చేరే వరకు పట్టేది పరుగు సమయం. డ్రైవరు ఆలస్యంగా కదిలినా పరుగు సమయం మారదు. చక్రం పుంజాన్ని పూర్తిగా వదలడానికి కారు కొద్ది దూరం ముందుకు కదలాలి గనుక, గడియారం మొదలయ్యే సరికే కారుకు కొంత వేగం వచ్చి ఉంటుంది. అందువల్ల రెండవ పుంజాన్ని అప్పుడే తాకేటట్లు కారును నిలిపితే పరుగు సమయం కొంచెం తగ్గుతుంది. మరింత ముందుకు నిలిపితే ప్రతిస్పందన సమయం తగ్గి, పరుగు సమయం పెరుగుతుంది.

పరుగు పూర్తయిన తరువాత డ్రైవరుకు 'టైమ్ స్లిప్' అనే చీటీ ఇస్తారు. అందులో సాధారణంగా ఈ వివరాలు ఉంటాయి:

* ప్రతిస్పందన సమయం
* 60 అడుగుల సమయం
* 330 అడుగుల సమయం
* 660 అడుగుల సమయం, అక్కడి వేగం
* 1,000 అడుగుల సమయం
* 1,320 అడుగుల సమయం, చివరి వేగం

చివరి వేగం అంటే ఆఖరి 66 అడుగులలో కారు సగటు వేగం.

భౌతిక సూత్రాలు

ఒక వస్తువుపై స్థిరమైన సామర్థ్యం పనిచేస్తూ, ఇతర నష్టాలు ఏవీ లేవనుకుంటే, నిశ్చల స్థితి నుండి ఒక దూరాన్ని దాటడానికి పట్టే సమయపు ఘనం ద్రవ్యరాశికి అనులోమానుపాతంలోను, సామర్థ్యానికి విలోమానుపాతంలోను ఉంటుంది. సులభంగా చెప్పాలంటే, సమయాన్ని సగానికి తగ్గించాలంటే సామర్థ్యాన్ని ఎనిమిది రెట్లు చేయాలి. సామర్థ్యం 10 శాతం పెరిగితే సమయం సుమారు 3 శాతం మాత్రమే తగ్గుతుంది.

ఈ సూత్రానికి వాస్తవ పరుగుల ఫలితాలను జోడించి రూపొందించిన రెండు సమీకరణాలు డ్రాగ్ రేసింగ్‌లో ప్రచారంలో ఉన్నాయి. ఇందులో బరువు డ్రైవరుతో కలిపి పౌన్లలోను, సామర్థ్యం హార్స్ పవర్‌లోను తీసుకోవాలి.

* సమయం (సెకన్లు) = 5.825 × (బరువు ÷ సామర్థ్యం) యొక్క ఘనమూలం
* చివరి వేగం (గంటకు మైళ్ళు) = 234 × (సామర్థ్యం ÷ బరువు) యొక్క ఘనమూలం

డ్రైవరుతో కలిపి 3,400 పౌన్ల (సుమారు 1,540 కిలోగ్రాములు) బరువు, 225 హార్స్ పవర్ ఉన్న కారుకు ఈ లెక్క ప్రకారం సమయం 14.40 సెకన్లు, చివరి వేగం గంటకు 94.6 మైళ్ళు వస్తాయి. బరువును 200 పౌన్లు తగ్గిస్తే సమయం 14.11 అవుతుంది. బరువు మార్చకుండా సామర్థ్యాన్ని 275కు పెంచితే 13.47 అవుతుంది. అయితే ఇవన్నీ టైర్లు జారకుండా కారు బయలుదేరినప్పుడు మాత్రమే నిజమవుతాయి. ఆరంభంలో కారును నెట్టే బలానికి అసలు హద్దు ఇంజను కాదు, టైరుకు నేలకు మధ్య ఉన్న ఘర్షణ.

కారు ముందుకు దూకినప్పుడు బరువులో కొంత భాగం ముందు చక్రాల నుండి వెనుక చక్రాల మీదకు మారుతుంది. ఎంత మారుతుందనేది త్వరణం, గరిమనాభి ఎత్తు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం అనే వాటిపై ఆధారపడుతుంది. 3,400 పౌన్ల కారు గురుత్వ త్వరణంలో 0.6 వంతు త్వరణంతో కదులుతున్నదని, గరిమనాభి 20 అంగుళాల ఎత్తున ఉన్నదని అనుకుందాం. ఇరుసుల మధ్య 100.5 అంగుళాల దూరం ఉంటే, సుమారు 405 పౌన్ల భారం వెనుకకు మారుతుంది. వెనుక చక్రాలతో నడిచే కార్లకు ఇది మేలు చేస్తుంది. ముందు చక్రాలతో నడిచే కార్లకు ఇదే కీడు చేస్తుంది.

టైమ్ స్లిప్‌ను అర్థం చేసుకోవడం

60 అడుగుల సమయం కారు ఎంత బాగా బయలుదేరిందో చెబుతుంది. చివరి వేగం ఇంజను సామర్థ్యానికి, బరువుకు ఉన్న నిష్పత్తిని చెబుతుంది. ఈ రెండింటినీ విడివిడిగా చూస్తే లోపం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. 3,400 పౌన్ల బరువున్న ఒక కారుకు ఈ క్రింది మూడు పరుగులను ఊహించవచ్చు.

* మొదటి పరుగు: 60 అడుగులు 2.25 సెకన్లు, పావు మైలు 14.60 సెకన్లు, వేగం 96 మైళ్ళు
* రెండవ పరుగు: 60 అడుగులు 2.00 సెకన్లు, పావు మైలు 14.20 సెకన్లు; వేగం 96 మైళ్ళు
* మూడవ పరుగు: 60 అడుగులు 2.30 సెకన్లు, పావు మైలు 14.31 సెకన్లు, వేగం 99 మైళ్ళు

మొదటి రెండు పరుగులలో వేగం ఒకటే కాబట్టి ఇంజనులో మార్పు లేదు. పై సమీకరణం ప్రకారం 96 మైళ్ళ వేగానికి సుమారు 235 హార్స్ పవర్ కావాలి. ఆ సామర్థ్యానికి రావలసిన సమయం 14.19 సెకన్లు. అంటే రెండవ పరుగులో కారు తనకున్న బలాన్ని దాదాపు పూర్తిగా వినియోగించుకుంది. మొదటి పరుగులో పోయిన 0.4 సెకన్లు బయలుదేరే చోటనే పోయాయి. మూడవ పరుగులో ఇంజను సామర్థ్యం సుమారు 257 హార్స్ పవర్‌కు పెరిగింది. ఆ లెక్కన 13.77 సెకన్లు రావాలి. కాని టైర్లు మరింత జారినందువల్ల, ఎక్కువ సామర్థ్యం ఉండి కూడా ఈ పరుగు రెండవదాని కంటే వెనుకబడింది.

60 అడుగులలో 0.1 సెకను తగ్గితే పావు మైలులో సుమారు 0.15 నుండి 0.2 సెకన్లు తగ్గుతుందని అనుభవజ్ఞులు లెక్కవేస్తారు. ఆరంభంలో సంపాదించిన వేగం మిగిలిన దూరమంతా తోడు వస్తుంది గనుక ఇలా జరుగుతుంది.

ఉదాహరణ: ఫోర్డ్ మస్టాంగ్ 5.0

ఈ కారును 1987–1993 మధ్య కాలపు రూపంలో అమెరికా ఔత్సాహికులు డ్రాగ్ రేసింగ్‌కు విస్తృతంగా వాడారు. ధర తక్కువ, బరువు తక్కువ, విడిభాగాలు సులభంగా దొరకడం ఇందుకు కారణాలు. దీనిలో ఎనిమిది సిలిండర్ల ఇంజను ఉంటుంది. 5.0 అని పేరున్నా అసలు ఘనపరిమాణం 4.94 లీటర్లు (302 ఘనపు అంగుళాలు). తయారీదారు ప్రకటించిన సామర్థ్యం 225 హార్స్ పవర్, టార్క్ 300 పౌండ్-అడుగులు. 1993లో ఫోర్డ్ సంస్థ సామర్థ్యపు అంకెను 205కు సవరించింది. కూపే, హ్యాచ్‌బ్యాక్ రకాల బరువు సుమారు 3,100 నుండి 3,400 పౌన్ల వరకు ఉంటుంది.

మెరుగుపరిచే క్రమం

మొదటిది మరమ్మతు. ముప్పై ఏళ్ళు దాటిన కారులో, కొత్తగా ఉన్నప్పుడు ఉన్న సామర్థ్యం ఇప్పుడు ఉండదు. సిలిండర్ల పీడన పరీక్ష చేసి ఇంజను ఆరోగ్యాన్ని తెలుసుకోవాలి. స్పార్క్ ప్లగ్గులు, వాటి తీగలు, డిస్ట్రిబ్యూటర్ మూత, పెట్రోలు ఫిల్టరు, గాలి ఫిల్టరు, ఆక్సిజన్ సెన్సార్లు అవసరాన్ని బట్టి మార్చాలి. పెట్రోలు పీడనాన్ని కొలవాలి. బ్రేకు గొట్టాలు, బ్రేకు ద్రవం, ప్రొపెల్లర్ షాఫ్ట్ కీళ్ళు, ఇంజను ఆధారాలుగా ఉండే రబ్బరు దిమ్మలు పరీక్షించాలి. పోయిన సామర్థ్యాన్ని తిరిగి తేవడానికి అయ్యే ఖర్చు, కొత్త సామర్థ్యాన్ని చేర్చడానికి అయ్యే ఖర్చు కంటే సాధారణంగా తక్కువ.

స్పార్క్ టైమింగ్‌ను సరిచూసేటప్పుడు పాత ఇంజన్లలో ఒక చిక్కు ఉంది. క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే హార్మోనిక్ బ్యాలెన్సర్‌లో లోపలి, బయటి వలయాలను రబ్బరు కలిపి ఉంచుతుంది. ఆ రబ్బరు పాతబడితే బయటి వలయం జరిగిపోయి, దాని మీది గుర్తులు తప్పుడు కొలత చూపుతాయి. కాబట్టి మొదటి సిలిండర్ పిస్టన్ పై అంచుకు చేరిన స్థానాన్ని నేరుగా సరిచూసుకున్న తరువాతే గుర్తులను నమ్మాలి. ఈ మస్టాంగ్‌కు ఫోర్డ్ నిర్దేశించిన మూల టైమింగ్ 10 డిగ్రీలు. ఎక్కువ ఆక్టేన్ గల పెట్రోలు వాడుతూ దీనిని 12 నుండి 14 డిగ్రీల వరకు పెంచడం ఔత్సాహికులలో సాధారణం. ఇంజను 'నాక్' అనే టకటక శబ్దం చేస్తే వెంటనే తగ్గించాలి. లేకపోతే పిస్టన్లు దెబ్బతింటాయి.

రెండవది టైర్లు. మామూలు రోడ్డు టైర్లు ఎక్కువ దూరం మన్నడానికి, వానలో పట్టు ఇవ్వడానికి తయారవుతాయి. డ్రాగ్ రేడియల్ టైర్లలో మెత్తని రబ్బరు వాడతారు. వీటిని రోడ్డు మీద కూడా నడపవచ్చు గాని, త్వరగా అరిగిపోతాయి, నీరు నిలిచిన రోడ్డుపై పట్టు తక్కువ. స్లిక్ అనే గాడులు లేని టైర్లు రేసు బాటకు మాత్రమే. డ్రాగ్ రేడియల్ టైర్లలో గాలిని వాడుక కంటే తగ్గిస్తే నేలను తాకే వైశాల్యం పెరుగుతుంది. ఒక పరుగుకు ఒకటి రెండు పి.ఎస్.ఐ. చొప్పున మార్చి చూస్తూ, 60 అడుగుల సమయం ఎక్కడ తగ్గుతుందో గుర్తించాలి. ఇంటికి తిరిగి బయలుదేరే ముందు గాలిని మళ్ళీ నింపడం తప్పనిసరి.

మూడవది సస్పెన్షన్. ఈ మస్టాంగ్‌లో వెనుక ఇరుసును నాలుగు కడ్డీలు పట్టి ఉంచుతాయి. వాటి చివర ఉండే రబ్బరు బుష్‌లు అరిగిపోతే, బయలుదేరేటప్పుడు చక్రాలు నేల మీద ఎగిరెగిరి పడతాయి. ఇది సమయాన్ని పాడుచేయడమే కాక ఇరుసును, గేర్లను విరగగొడుతుంది. గట్టి దిగువ కడ్డీలు, అడుగుచట్రం ముందు వెనుక భాగాలను కలిపే దూలాలు ఇందుకు పరిష్కారం. ఇంజను తిప్పే బలానికి వెనుక కుడి చక్రంపై భారం తగ్గుతుంది. దానిని సరిచేయడానికి కుడివైపు స్ప్రింగులో గాలి సంచిని అమర్చే పద్ధతి ప్రసిద్ధం.

నాలుగవది గేర్ల నిష్పత్తి. మాన్యువల్ గేర్ బాక్స్ ఉన్న ఈ కార్లలో చాలావాటికి వెనుక ఇరుసు గేర్ల నిష్పత్తి 2.73 లేదా 3.08. మొదటి గేరు నిష్పత్తి 3.35. కాబట్టి 2.73తో ఇంజను టార్క్ చక్రాల వద్ద సుమారు 9.15 రెట్లు అవుతుంది. 3.73 గేర్లు అమర్చితే 12.5 రెట్లు అవుతుంది. ఇంజను సామర్థ్యం ఏమాత్రం పెరగకపోయినా కారు చురుగ్గా కదులుతుంది. దీనికి మూల్యం రోడ్డు మీద చెల్లించాలి. ఐదవ గేరులో గంటకు 65 మైళ్ళ వేగంతో వెళ్ళేటప్పుడు ఇంజను నిమిషానికి సుమారు 1,580 చుట్లకు బదులు సుమారు 2,160 చుట్లు తిరుగుతుంది. పెట్రోలు ఖర్చు, శబ్దం పెరుగుతాయి. ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఉన్న కార్లలో ఎక్కువ చుట్ల వద్ద పట్టుకునే టార్క్ కన్వర్టర్ ఇటువంటి మేలునే చేస్తుంది.

ఐదవది బరువు. స్టెప్నీ చక్రం, జాకీ, డిక్కీలోని సామాను తీసివేయడానికి ఖర్చు ఏమీ లేదు. ఈ కారు పెట్రోలు ట్యాంకులో 15.4 అమెరికన్ గ్యాలన్లు పడుతుంది. గ్యాలను పెట్రోలు బరువు సుమారు 6 పౌన్లు. నిండు ట్యాంకుకు బదులు పావు ట్యాంకుతో పరుగు తీస్తే దాదాపు 70 పౌన్లు తగ్గుతాయి. మరీ తక్కువ ఉంచితే, కారు దూకినప్పుడు పెట్రోలు వెనుకకు పోయి పంపుకు అందకపోవచ్చు. సీటు బెల్టులు, బ్రేకు భాగాలు వంటి రక్షణ పరికరాలను బరువు పేరుతో తొలగించరాదు.

చివరిది ఇంజను. చల్లని గాలి అందేటట్లు మార్చడం, ఎగ్జాస్ట్ గొట్టాలను వెడల్పు చేయడం, సిలిండర్ హెడ్లు, ఇన్‌టేక్, క్యామ్ షాఫ్ట్ మార్చడం ఈ వరుసలో ఖర్చు పెరుగుతుంది. సామర్థ్యం పెరిగిన కొద్దీ గేర్ బాక్స్, క్లచ్, ఇరుసు తట్టుకోగలవా అన్నది చూడాలి. ఈ కార్లలోని టి-5 గేర్ బాక్స్‌కు 1990 తరువాతి రూపంలో తయారీదారు నిర్దేశించిన హద్దు 300 పౌండ్-అడుగుల టార్క్ మాత్రమే. మంచి పట్టున్న టైర్లు వేసిన తరువాత గేర్లు విరిగే అవకాశం ఎక్కువ. జారే టైరు ఒక విధంగా గేర్ బాక్స్‌ను కాపాడుతుంది. పట్టు పెరిగినప్పుడు ఆ బలమంతా గేర్ల పళ్ళ మీద పడుతుంది.

ఒక పరుగుకు, తరువాతి పరుగుకు మధ్య ఒక్క మార్పు మాత్రమే చేయాలి. టైర్ల గాలి, స్పార్క్ టైమింగ్, బయలుదేరే విధానం ఒకేసారి మారిస్తే, వచ్చిన ఫలితానికి కారణం ఏదో తెలియదు. ప్రతి టైమ్ స్లిప్ వెనుక ఉష్ణోగ్రత, టైర్ల గాలి పీడనం, చేసిన మార్పు వ్రాసి ఉంచుకోవడం మంచి అలవాటు.

నడిపే విధానం

బయలుదేరే గీతకు ముందు టైర్లను తడిపే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ చక్రాలను తిప్పి వేడి చేయడాన్ని బర్న్ అవుట్ అంటారు. ఇది స్లిక్ టైర్లకు, కొంతవరకు డ్రాగ్ రేడియల్ టైర్లకు అవసరం. మామూలు రోడ్డు టైర్లు ఉన్నవారు ఆ నీటిని తప్పించుకుని పక్కగా వెళ్ళాలి. గాడులలో చేరిన నీరు గీత వద్ద కారి, తమ పట్టునే కాక తరువాత వచ్చేవారి పట్టును కూడా పోగొడుతుంది.

మామూలు టైర్లతో ఇంజనును ఎక్కువ చుట్లు తిప్పి క్లచ్ వదిలితే చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి. తక్కువ చుట్ల వద్ద బయలుదేరి, పట్టు దొరికిన కొద్దీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడం మేలు. ఇంజను గరిష్ఠ సామర్థ్యం ఇచ్చే చుట్లను కొంచెం దాటిన తరువాత గేరు మార్చాలి. ఈ మస్టాంగ్ ఇంజను మారని స్థితిలో సుమారు 4,200 చుట్ల వద్ద గరిష్ఠ సామర్థ్యాన్ని ఇస్తుంది. అందువల్ల దానిని 6,000 చుట్ల వరకు లాగడం వల్ల శబ్దమే తప్ప ప్రయోజనం లేదు. రెండు పరుగుల మధ్య బానెట్ తెరిచి ఇంజనును చల్లారనివ్వాలి. వేడెక్కిన ఇన్‌టేక్ గుండా వెళ్ళే గాలి వ్యాకోచించి, సిలిండర్లలోకి తక్కువ ఆక్సిజన్ చేరుతుంది.

వాతావరణం, ఎత్తు

ఇంజను సామర్థ్యం అది పీల్చే గాలి సాంద్రతపై ఆధారపడుతుంది. పీడనం మారకుండా ఉష్ణోగ్రత 15 నుండి 35 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగితే గాలి సాంద్రత సుమారు 6.5 శాతం తగ్గుతుంది. సముద్ర మట్టానికి 5,800 అడుగుల ఎత్తున సాంద్రత సుమారు 16 శాతం తక్కువ. కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ సమీపాన 2023 వరకు నడిచిన బాండిమేర్ స్పీడ్‌వే ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉండేది. కాబట్టి వేసవి మధ్యాహ్నం వచ్చిన సమయాన్ని శీతాకాలపు సాయంత్రం వచ్చిన సమయంతో నేరుగా పోల్చరాదు.

బ్రాకెట్ రేసింగ్

వేగం తక్కువైన కార్లు కూడా గెలవగలిగే పోటీ విధానాన్ని బ్రాకెట్ రేసింగ్ అంటారు. ఇందులో ప్రతి డ్రైవరు తన కారుకు పట్టే సమయాన్ని ముందుగా ప్రకటించాలి. 15.00 సెకన్లు ప్రకటించిన కారు, 13.00 సెకన్లు ప్రకటించిన కారు కంటే రెండు సెకన్లు ముందు బయలుదేరుతుంది. ముందుగా గమ్యం చేరినవారు విజేత. కాని ప్రకటించిన దాని కంటే తక్కువ సమయంలో చేరితే ఓడినట్లు లెక్క. రెండు కార్లూ అలా చేరితే తక్కువ తేడాతో తప్పినది గెలుస్తుంది. ఈ విధానంలో వేగం కంటే నిలకడ ముఖ్యం. ప్రతిసారీ ఒకే సమయం ఇచ్చే పాత కారు, అప్పుడప్పుడు మాత్రమే మెరిసే వేగవంతమైన కారును ఓడించగలదు.

భద్రత, చట్టం

ప్రతి కారును పరుగుకు ముందు నిర్వాహకులు తనిఖీ చేస్తారు. ఎన్.హెచ్.ఆర్.ఎ. నియమాల ప్రకారం పావు మైలును 13.99 సెకన్లు లేదా అంతకంటే తక్కువలో దాటే కార్లలో ప్రమాణ ముద్ర ఉన్న హెల్మెట్ తప్పనిసరి. పాత కార్లు 11.49 సెకన్లు లేదా తక్కువలో దాటితే రోల్ బార్ ఉండాలి. పైకప్పు మడిచే కార్లకు ఈ హద్దు 13.49 సెకన్లు. ఇంజను చల్లబరిచే ద్రవం బాట మీద పడకుండా దానిని పట్టే పాత్ర ఉండాలి. బాట మీద పడిన నూనె, ద్రవం తరువాత వచ్చే కారుకు ప్రాణాపాయం కలిగిస్తాయి.

రేసు బాటకు వెళ్ళే కారు తిరిగి రోడ్డు మీదకు రావాలి గనుక రోడ్డు చట్టాలు కూడా వర్తిస్తాయి. అమెరికాలో వాహన కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించడం క్లీన్ ఎయిర్ యాక్ట్ అనే సమాఖ్య చట్టానికి విరుద్ధం. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసివేస్తే సమయం కొంత తగ్గవచ్చు గాని, కారు రోడ్డుకు అనర్హమవుతుంది. వాహన బీమా పత్రాలలో చాలావరకు పోటీలలో జరిగే నష్టానికి పరిహారం ఉండదు.

భారతదేశంలో

చెన్నై నుండి నెల్లూరు వైపు వెళ్ళే జాతీయ రహదారికి సమీపాన ఉన్న షోలవరంలో, రెండవ ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే మీద దశాబ్దాల పాటు మోటారు పందేలు జరిగాయి. శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వత రేసు బాట 1990లో ప్రారంభమైంది. అక్కడ మోటార్‌సైకిళ్ళకు జాతీయ స్థాయి డ్రాగ్ పోటీలు కూడా జరిగాయి. దేశంలో మోటారు క్రీడలను ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా పర్యవేక్షిస్తుంది.

రాష్ట్ర ప్రభుత్వ లిఖిత అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహన పందేలు వేయడం మోటారు వాహనాల చట్టం (1988) 189వ సెక్షన్ ప్రకారం నేరం. 2019 సవరణ తరువాత మొదటిసారి నేరానికి మూడు నెలల వరకు జైలు శిక్ష, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్ళీ అదే నేరం చేస్తే ఒక సంవత్సరం వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. డ్రాగ్ స్ట్రిప్ మీద ఎదురుగా వచ్చే వాహనం గాని, రోడ్డు దాటే పాదచారి గాని ఉండరు; గమ్యం దాటిన తరువాత ఆగడానికి చాలినంత బాట, పక్కన అంబులెన్సు ఉంటాయి. వీధిలో ఇవేవీ ఉండవు.